రాహేలమ్మ గారి బండి నెమ్మదిగా నడిచిన రోజు

రాహేలమ్మ గారు ఇక లేరన్న వార్త నాకు ఆత్మకూరు కళాశాలలో పాఠం మధ్యలో అందింది. ఒంట్లో నలతగా ఉందని ఆ వారం ఆమె ఉదయగిరిలోనే ఉండిపోయారు. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్న మనిషి మరి లేవలేదట. ఆ మాట విన్న క్షణాన నాకు దుఃఖం కంటే ముందు భయం వచ్చింది. పక్కన ధైర్యస్థురాలు ఒకరుంటే పిరికివాడు కూడా మనిషిలాగే చలామణి అవుతాడు. ఇన్నేళ్ళూ నేను అలా చలామణి అయినవాణ్ణి.

భౌతికశాస్త్ర బోధనలో ఈ మెట్టసీమలో ఆమెకు సాటి లేరు. అయినా కొండాపురం నుంచి మర్రిపాడు దాకా జనం ఆమెను ఎర్రబండి టీచరమ్మగానే ఎరుగుదురు. రెండే సీట్లు, పైకప్పు లేని పాతకాలపు స్పోర్ట్స్ కారు అది. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక మిషనరీ డాక్టరమ్మ దాన్ని తన డ్రైవరు దేవదానం గారికి ఇచ్చిపోయింది. ఆయన రాహేలమ్మ గారి భర్త. ఆ ఇంజనును ఒకసారి పూర్తిగా విప్పి, ఒక్కో బోల్టూ తన చేత్తోనే తిరిగి బిగించి, ఆ తరువాత కొద్దికాలానికే ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటినుంచి ఆ బోల్టుల మీద మరొకరి చెయ్యి పడలేదు.

మా ఇద్దరిదీ ఉదయగిరే, ఉద్యోగం ఒకే కళాశాలలో. సోమవారం ఆ బండిలో ఆత్మకూరు వెళ్ళి, శనివారం తిరిగి వచ్చేవాళ్ళం. ఆమె వేగం వర్ణనాతీతం. వర్ణించడానికి నేను ఏనాడూ కళ్ళు తెరిచి చూస్తే గదా! కొండ మలుపు దగ్గర ఆమె కీర్తన ఎత్తుకునేవారు, నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ వరసబెట్టి పిలిచేవాణ్ణి.

"ఏంది పంతులూ, కండ్లు మూసుకోనుండావు?" అనేవారు.

"తెరిస్తే లారీలు కనపడతా ఉండాయమ్మా," అనేవాణ్ణి.

ఆ బండి దూరం చూపే మీటరు ఒకసారి చివరంటా తిరిగి, మళ్ళీ సున్నాతో మొదలైంది. ఒక చలికాలం పొద్దున స్టార్టు చేయగానే వెనకనుంచి నీలిపొగ లేచింది. ఆత్మకూరులో లారీలు బాగుచేసే మస్తాన్ పొగను చూసి, మీటరును చూసి, తల అడ్డంగా ఊపాడు. "పిస్టను రింగులు పొయినాయి టీచరమ్మా. ఇంత దూరం తిరిగిన ఇంజను విప్పకుండా ఉంటే దావలో పట్టేస్తాది," అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు నేనూ విప్పించేయమనే చెప్పాను. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, "వయసైందని కడుపు కోపిచ్చుకుంటారా ఎవురన్నా? దాని సామాన్లు యాడా దొరకవు. విప్పినాక కూడకపోతే అది శవమే. ముందు దాన్ని అడుగుదాం," అన్నారు.

అడగడం ఎలాగో ఆనాడే చూశాను. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో సిలిండరులో గాలి ఎంత బిగువుగా నిలుస్తుందో గేజి పెట్టి చూశారు. తరువాత ఇంటినుంచి తెచ్చిన చెంచాతో ఒక్కోదానిలో కాస్త నూనె పోసి మళ్ళీ చూశారు. నూనె తగలగానే ముల్లు ఎగబాకితే రింగులు అరిగినట్టు. అది ఎగబాకలేదు. పొగ కూడా పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతోంది. వాల్వుల దగ్గర చిన్న రబ్బరు ముక్కలు ఎండిపోయాయని తేలింది. మస్తాన్ వాటిని మార్చాడు. ఇంజను కడుపు విప్పకుండానే పొగ పోయింది. ఆనాడు ఆమె అన్న మాట నా పాలిట సూక్తి అయింది: "భయం చెప్పేది వినాల పంతులూ. దాని చేతికి మాత్రం స్పానరు ఇయ్యబాకు."

ఆమెకు భయమనేది లేదని లోకమంతా అనుకుంది. నేనూ అనుకున్నాను, పోయిన వేసవి దాకా. దుత్తలూరు దగ్గర గొర్రెలమంద రోడ్డుకు అడ్డం వచ్చి బండి నత్తనడకన సాగింది. అప్పుడు ఆమె చూపు రోడ్డు మీద లేదు. నూనె ఒత్తిడి చూపే ముల్లు మీద ఉంది. ముల్లు దిగుతోంది. గొర్రెల కాపరి మీద ఆమె కేకలు వేయడం నేను మొదటిసారి విన్నాను. మంద దాటగానే బండిని ఉరికించి, ముల్లు మళ్ళీ పైకి ఎక్కాక చెప్పారు.

"ఇంకొక పరీక్ష ఉండాది. దాన్ని నేను చెయ్యడం లే. ఎండలో, ఇంజను కాలినాక, మనిషి నడక మీద నడిపి ముల్లు చూడాల. అది పడిపొయ్యి, లోపల టకటకా కొట్టిందంటే బేరింగులు పొయినట్టే. అప్పుడు విప్పాల్సిందే. ఆయన బిగిచ్చి పొయినాడు, నేనెట్ల విప్పేది? బిరీన పోతా ఉంటే ముల్లు పైనే ఉంటాది. అందుకే పోతా ఉండా."

అంత వేగమూ భయమేనని ఆనాడు తెలిసింది. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు గౌరవం పెరిగిందే గాని తరగలేదు. "ఒకవేళ నువ్వు నడిపేటప్పుడు ఆ చప్పుడు వింటే ఇంక ఒక్క అడుగు కూడా పోబాకు, కట్టెయ్," అని కూడా చెప్పారు. కళాశాల మైదానంలో నాకు డ్రైవింగు నేర్పింది ఆమే. నేను మొదటి గేరు దాటి ఎరగను.

మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. పోయినవారి బండి శవపెట్టె వెనకాలే సమాధుల దాకా నడవాలి. రైతు పోతే ఎద్దులబండి నడుస్తుంది. రాహేలమ్మ గారికి ఎర్రబండి నడవాలన్నారు సంఘపెద్దలు. ఆ బండిలో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే గనుక తాళంచెవి నా చేతికి వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. ముందు భుజాల మీద పెట్టె, చుట్టూ కీర్తనలు, వెనక మనిషి నడకన నేను. ఆమె ఇన్నాళ్ళూ తప్పించుకున్న పరీక్షను ఆమె అంతిమయాత్రే పెట్టిందని సగం దారిలో గాని నాకు తట్టలేదు. ముల్లు దిగింది. ఇంకా దిగింది. కీర్తనల మధ్యనుంచి కిందెక్కడో టకటకమన్న చప్పుడు నా పాదాలకు తెలిసింది.  తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాను.

"ఆపబాకు పంతులూ!" పెద్దాయన ఒకరు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. "పెట్టె పోతా ఉంటే బండి నిలబెడతావా? ఇంకెంత దూరం, రెండంగలేగా!"

"ఆమె వద్దన్నాదయ్యా," అన్నాను. ఏడ్చేశాను. ఆయన నన్నూ, బండినీ చూసి, కండువా నడుముకు బిగించి తానే వెనక చెయ్యి వేశారు. మరి ముగ్గురు కలిశారు. ఎప్పుడూ గాలిలా వచ్చే బండి ఆనాడు చప్పుడు లేకుండా, నలుగురి చేతుల మీద ఆమె వెంట వెళ్ళింది.

నిన్న మస్తాన్ వచ్చి నూనె దించాడు. పళ్ళెంలో నూనె ఎండకు తళతళమంది. ఆ తళుకు అరిగిన బేరింగుల పొడిది. "మంచి పని చేసినావు. ఇంకాస్త నడిపుంటే ఇంజనే మిగిలేది కాదు," అన్నాడు. స్పానరు తీసుకుని వంగినవాడు అలాగే ఆగిపోయాడు. "దేవదానమన్న బిగిచ్చింది. నాకు చెయ్యి రావడం లే. మొదటి బోల్టు నువ్వే తిప్పు పంతులూ," అని దాన్ని నాకిచ్చాడు.

ఆ మహనీయురాలికి ఈ అక్షరాంజలి ఘటిస్తున్నాను. శిష్యులు ఎందరో ఉన్నారు, పాఠం ఆగదు. నాకు మాత్రం ఆ పక్కసీటు శాశ్వతంగా ఖాళీ అయింది. నిన్న ఆ స్పానరు తిప్పాను. బోల్టు మొరాయించి, ఆఖరికి కదిలింది. ఆ స్పానరు పట్టింది నేనో, నా భయమో చూసి చెప్పగలిగిన మనిషిని మొన్ననే మట్టిలో పెట్టి వచ్చాం.