పేరు చివర తేదీ

మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా, డైరీ రాసుకునే నా లినక్స్ ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేయబోతే, అంటే తెరిచిన పని దాచుకుని ఆగిపోయేలా చేయబోతే, "మీకు అనుమతి లేదు" అనేది. నేను కునుకు తీసి లేచేసరికి బ్యాటరీ అయిపోయి, సగం రాసిన పేజీ పోయేది.

"మీరు హాయిగా పడుకుంటారు, దాన్ని పడుకోబెట్టలేరేంటండీ!" అంది మా ఆవిడ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

ఈసారి తేల్చుకోవాలనే కూర్చున్నాను. నాకు అనుమతినిచ్చే నియమాన్ని ఒక ఫైలులో రాసిపెట్టాను. అయినా ఒప్పుకోలేదు. అక్షరం అక్షరం మూడుసార్లు సరిచూశాను, లోపల తప్పేమీ లేదు. తప్పు ఫైలు పేరులో ఉంది: డైరీల అలవాటుకొద్దీ దాని చివర తేదీ వేశాను. వెతికి చూస్తే, పేరు 'రూల్స్' అనే మాటతో ముగిస్తేనే సిస్టమ్ ఆ ఫైలు చదువుతుందట. తేదీని పేరు ముందుకు జరిపి, మళ్లీ హైబర్నేట్ నొక్కాను. ఈసారి ల్యాప్‌టాప్ అడ్డు చెప్పకుండా ఆగిపోయింది.

సాయంత్రం తెరిస్తే, సగంలో ఆపిన వాక్యం అలాగే ఉంది. దాన్ని పూర్తి చేసి, కింద తేదీ వేశాను.