ఆ గోలు నా తువ్వాలుది

ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడుగుతారని చాలా ఏళ్లు ఎదురుచూశాను, ఇక ఓపిక లేదు, నేనే చెబుతున్నాను. మా ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన వాళ్లమంతా ఈ మధ్య ఒక కల్యాణ మండపంలో కలిశాం. భోజనాలకు ముందు మైకు పట్టుకున్న ప్రతివాడూ మా ఫుట్‌బాల్ టీము గురించి, కె.ఆర్.పురం మైదానంలో కొట్టిన ఆ గోలు గురించే మాట్లాడాడు. ఆ రోజు ఎండ ఎట్లా కాసిందో చెప్పారు, బంతి ఎంత ఎత్తు లేచిందో చెప్పారు, గోలు పడ్డాక ఎవరి చెప్పు ఎక్కడ పోయిందో కూడా చెప్పారు. నా తువ్వాలు గురించి ఒక్కడూ చెప్పలేదు. నేను చెయ్యెత్తాను. (చాలాసేపే ఎత్తాను, భుజం లాగింది.) మైకు దగ్గరున్న పెద్దమనిషి చూసి, "నీళ్లా? నీళ్లు ఆ మూలన ఉండాయప్పా" అని డబ్బా చూపించాడు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, బెంగళూరులో ఫ్యాక్టరీ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. పొద్దున సైరను, మధ్యాహ్నం క్యాంటీను, ఆయుధపూజకు మిఠాయి పొట్లంతో పాటు ఒక తువ్వాలు, వీటన్నిటి మీదా ఒక ఫుట్‌బాల్ టీము, ఇవన్నీ కలిస్తే ఫ్యాక్టరీ. నేను హిందూపురం వైపు నుంచి వచ్చి స్టోర్సులో చేరాను. ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడి ఎరగను. ఆడనివాడికే ఆట బాగా అర్థమవుతుందని అప్పుడూ ఇప్పుడూ నా నమ్మకం. ఆడేవాడికి బంతి తప్ప ఇంకేమీ కనబడదు కదా. చేరిన కొద్దిరోజులకే టీములో ఉన్న లోపాలన్నీ నాకు తెలిసిపోయాయి. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే స్వభావం కాదు నాది. అందుకని నాకు 'కంప్లైంటు' అని పేరు పెట్టారు. తర్వాత తర్వాత నా కోసం వచ్చిన చుట్టాలు కూడా గేటు దగ్గర ఆ పేరే చెప్పి అడిగేవాళ్లు.

మా టీములో ఎక్కువమంది ఫోర్జ్ షాపు వాళ్లు. ఎర్రగా కాలిన ఇనుము మీద పెద్ద పెద్ద యంత్రపు సుత్తులు దిగే చోట రోజంతా నిలబడి నిలబడి వాళ్ల చెవులు మొద్దుబారిపోయాయి. గీత బయట నుంచి ఎవడెంత గొంతు చించుకున్నా వాళ్లకు చేరదు. అందుకని టీము మేనేజరు తువ్వాలు భాష ఒకటి కనిపెట్టాడు. ఆట ఆగినప్పుడల్లా ఆటగాళ్లు ఆయన వైపు చూడాలి. తువ్వాలు తల మీద ఉంటే అందరూ వెనక్కి వచ్చి మన గోలును కాపాడాలి. భుజం మీద ఉంటే ఎవరి చోట వాళ్లు ఆడాలి. చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పితే అందరూ ముందుకు ఉరకాలి. ఈ మూడో సైగను మాత్రం ఎవరూ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. మేనేజరు పెయింట్ షాపులో సూపర్‌వైజరు, నెమ్మదైన మనిషి. మనం ఒక గోలు ముందుంటే, అది పోకుండా అందరూ వెనక్కి. ఒక గోలు వెనకపడితే, రెండోది పడకుండా అందరూ వెనక్కి. సమానంగా ఉంటే ఇంకా మంచిది, అందరూ వెనక్కి. ఆయనను అందరం గోడ సార్ అనేవాళ్లం. పిలిచేది గౌరవంతోనే. (నేను పిలిచేటప్పుడు అంత గౌరవం ఉండేది కాదు.)

మ్యాచ్ అయిపోగానే మైదానం ఎదురుగా ఉన్న బేకరీ దగ్గర అసలు మ్యాచ్ మొదలయ్యేది. నా ప్రత్యర్థి చందాపుర మామ. ఆయన నాకు మామ కాదు, చందాపుర నుంచి రెండు బస్సులు మారి పనికి వచ్చేవాడు, అందరికీ మామే. ముత్తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు. గోడ సార్ ఏం చేసినా దాని వెనక మహా ఆలోచన ఉందని ఆయన వాదన.

"సార్ లెక్క వేరే ఉంటాదప్పా. అది నీకూ నాకూ అంత సులభంగా దొరకదు" అనేవాడు.

"లెక్క ఏముండాది మామా? అంత పొడుగోణ్ణి మన గోలు ముందర దిష్టిబొమ్మ మాదిరి నిలబెట్టినాడు. మనకు కార్నర్ వచ్చినప్పుడు వాణ్ణి ముందరికి పంపిస్తే తల ఆనిస్తే చాలు కదా, గోలు."

"వాడు ముందరికి పోతే వెనకాల ఎవరు ఉంటారు? మీ తాతనా?"

పొడుగోడు అంటే మా ఫోర్జ్ షాపు డిఫెండరు. తలుపు దాటాలంటే వంగాల్సిన మనిషి. మైదానం మూల నుంచి బంతి లేపే ఆ కార్నర్ దొరికినప్పుడు వాణ్ణి ముందుకు పంపాలన్నదే ఆ సీజను పొడుగునా నా పోరాటం. నోటితో చెబితే ఎక్కడం లేదని ఒకరోజు బేకరీ బల్ల మీద కారా బిస్కెట్లు పేర్చి చూపించాను. ఇవి మనవాళ్లు, అవి వాళ్ల వాళ్లు, పొడుగోడికి గుర్తుగా ఒక బ్రెడ్డు ముక్క నిలబెట్టాను. వ్యూహం మంచి పట్టులో ఉండగా కరకరమని చప్పుడైంది. చూస్తే మామ మా సెంటర్ ఫార్వర్డును నములుతున్నాడు.

"మామా, ఆట మధ్యలో మనిషిని తినేస్తివే?"

"వాడు ఈ సీజన్లో ఒక గోలైనా కొట్టినాడేమప్పా? ఇట్లా అన్నా పనికొస్తాడు" అని మామ ఇంకొకణ్ణి తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నా వ్యూహం గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ నవ్విన వాళ్లలో ఎవరెవరున్నారో నాకిప్పటికీ గుర్తుంది.

ఇట్లా కాదని నేరుగా పెయింట్ షాపుకే పోయాను. గోడ సార్ కొత్తగా రంగు వేసిన మోటారు చుట్టూ తిరిగి చూసుకుంటున్నారు. నేను పొడుగోడి గురించి, కార్నర్ గురించి, మన టీముకు పట్టిన దుర్గతి గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన అడ్డు తగలకుండా విన్నారు. మధ్యలో రెండుమూడుసార్లు తలూపారు కూడా. నా మనసు గంతులేసింది. అంతా అయ్యాక, "స్టోర్సుకు బ్రష్షులు వచ్చినాయా?" అని అడిగారు.

రాలేదని చెప్పి వచ్చేశాను. నిజానికి వచ్చాయి.

ఆ సీజను చివరి మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి మా పరిస్థితి ఏమిటంటే, గెలిస్తే ఉంటాం, లేకపోతే కింది డివిజన్‌కు పోతాం. పోతే టీమునే ఎత్తేస్తామని, మైదానంలో స్కూటర్లకు షెడ్డు వేస్తామని పైవాళ్లు చెప్పేశారు. సమానంగా ముగిసినా లాభం లేదు. అంటే తువ్వాలు తిప్పక తప్పని రోజు. సెలవు పెట్టినవాళ్లు, షిఫ్టు మార్చుకున్నవాళ్లు, కడుపునొప్పి అన్నవాళ్లు అందరూ మైదానంలోనే కనబడ్డారు. కడుపునొప్పి వాళ్లకు సెలవిచ్చిన ఆఫీసరు కూడా అక్కడే ఉన్నాడు. ఎండ మండిపోతోంది. అందరి తలల మీదా ఆయుధపూజకు ఇచ్చిన తువ్వాలే, పసుపుపచ్చది, ఎర్ర అంచు. నా తల మీదా అదే. గోడ సార్ తల మీదా అదే, అయితే ఆయనది ఎండకు కాదు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచి అందరూ వెనక్కే.

రెండో సగం అయిపోవస్తోంది. రెండు వైపులా సున్నా. నేను ఆగలేక జనాన్ని తోసుకుంటూ గోడ సార్ నిలబడ్డ చోటికి వెళ్లాను. మామ కూడా నా వెనకే వచ్చాడు, నన్ను ఆపడానికి. అప్పుడే మాకు కార్నర్ దొరికింది. ఆట ఆగింది. కార్నర్ కొట్టడానికి పోయినవాడు తప్ప మావాళ్లందరూ మా గోలు దగ్గర గుంపుగా నిలబడి, అలవాటు ప్రకారం సార్ వైపు చూడబోతున్నారు. సరిగ్గా అదే సమయానికి సార్ దాహమై, బెంచీ వెనక నీళ్ల కుండ దగ్గర గ్లాసు ముంచుకోవడానికి వంగారు.

"చూడు మామా, ఇప్పుడన్నా పంపిస్తాడేమో చూడు. ఆ సైగ ఒకటి ఉందనే మరిచిపోయినాడు ఈయప్ప" అన్నాను.

"మరవలేదు. టైము చూస్తా ఉండాడు. సుమ్నే ఉండు నువ్వు" అన్నాడు మామ. సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని.

"ఏమి సుమ్నే? ఎట్లా తిప్పాలో కూడా ఆయనకు తెలీదు. చూడు, ఇట్లా తిప్పల్ల" అని తల మీది తువ్వాలు లాగి, మామ ముఖం ముందు గిరగిరా తిప్పాను.

తిప్పింది మామకు చూపించడానికే. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, మైదానం వైపు నేను చూడను కూడా లేదు. నాకు తెలిసింది జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినప్పుడు. తిరిగి చూస్తే మావాళ్లందరూ కళ్లప్పగించి నావైపే చూస్తున్నారు. సార్ ఉండాల్సిన చోట, పసుపుపచ్చ తువ్వాలు, గాలిలో తిరుగుతోంది. పుట్టి బుద్ధెరిగాక చూడని సైగ. ఫోర్జ్ షాపు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత సుత్తి దెబ్బకు లేచినట్టు అందరూ కలిసి ముందుకు ఉరికారు. అందరూ అంటే అందరూ. గోల్‌కీపరు కూడా. (వాణ్ణి ఎవరూ పిలవలేదు, కానీ సైగలో వాడికి మినహాయింపు ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.)

అవతలి టీము వాళ్లు అంతమంది మాపటేళ ఇంటికొచ్చే గేదెల్లా తమ మీదికి రావడం చూసి, ఎవరు ఎవరిని పట్టుకోవాలో తెలియక అట్లాగే నిలబడిపోయారు. కార్నర్ నుంచి బంతి లేచింది. నేను తువ్వాలు తిప్పడం ఆపలేదు, ఆపాలని తోచలేదు, నా చెయ్యి నా మాట వినడం లేదు. పొడుగోడు గాలిలోకి లేచాడు. కళ్లు మూసుకునే లేచాడని తర్వాత వాడే చెప్పాడు. బంతి వాడి నుదుటికి తగిలి, గోలులోకి పోయి వలకు తగిలి, కింద పడింది.

నేనెగిరాను. మామ మెడ పట్టుకుని ఎగిరాను. మామ నన్నెత్తి దించాడు, నేను ఆయనను ఎత్తబోయి ఇద్దరం పడ్డాం. కడుపునొప్పి వాళ్లు, ఆఫీసరు, బేకరీ ఓనరు అందరూ మైదానంలో పడి దొర్లుతున్నారు. ఇటు గోడ సార్ నీళ్లు తాగి పైకి లేచేసరికి, ఆయనకు మొదట కనబడింది మనుషులెవరూ లేని మా గోలు. గ్లాసు చేతిలోంచి జారింది. ఏమైందో అర్థమయ్యేలోపే అందరూ వచ్చి ఆయనను భుజాల మీదికి ఎత్తేసుకున్నారు. తల మీద తువ్వాలుతోనే మైదానమంతా ఊరేగించారు. నా ముందు నుంచి పోతున్నప్పుడు ఆయన నన్ను చూశారు. నా చేతిలో తువ్వాలును చూశారు. ఒక్క క్షణం ఆయన పెదవి కదిలింది. అంతలోనే ఊరేగింపు మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం బేకరీ దగ్గర ఏమన్నారో వినండి.

"సీజనంతా దాచిపెట్టినాడప్పా సార్. ఆ ఒక్క సైగ. శత్రువులకు అనుమానం రాకుండా. తల అంటే అది" అన్నాడు మామ.

"మామా, తిప్పింది నేను. నీ ముఖం ముందరే కదా తిప్పింది."

"నేను కార్నర్ చూస్తా ఉంటిని. నీ తువ్వాలు చూసుకుంటా కూర్చోవల్లనా?"

"మరి అప్పుడు సార్ నీళ్లు తాగతా ఉండాడు కదా?"

"అది కూడా ప్లానే" అన్నాడు మామ, అదేదో నాకు తట్టనందుకు జాలిపడుతూ.

ఆటగాళ్లను అడిగాను. తువ్వాలు చూశాం, చెయ్యి చూశాం, అంత దూరం నుంచి ముఖం ఎవరికి తెలుసు, సార్ చోట ఉన్నది సారే కదా అన్నారు. మర్నాడు పెయింట్ షాపుకు పోయి సార్‌నే అడిగాను. ఆయన చేతిలో బ్రష్షు డబ్బాలో ముంచి, "మీ పక్క వానలు పడినాయా?" అన్నారు.

పోనీలే అనుకుని వదిలేసేవాణ్ణేమో, మరుసటి సీజను రాకపోయుంటే. అంత పేరు వచ్చాక ఇక వెనక్కి రమ్మని చెప్పడానికి గోడ సార్‌కు మొహమాటం అడ్డొచ్చింది. మొదటి నిమిషం నుంచే తువ్వాలు తిప్పడం మొదలుపెట్టారు. మావాళ్లందరూ ముందుకు, గోల్‌కీపరు అందరికంటే ముందుకు, ఖాళీ గోలులో అవతలివాళ్లు వరసగా కొట్టుకుంటూ పోయారు. మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఓడిపోయాం. ఒకరోజు బేకరీ దగ్గర నిలబడి ఉంటే చందాపుర మామ అందరి ముందూ వేలు చూపించాడు.

"అంతా ఈ కంప్లైంటు వల్లే. ఆ పొద్దు వీడు తువ్వాలు తిప్పకుండా ఉంటే సార్‌కు ఈ తిక్క పట్టేదే కాదు."

నా ఒళ్లు పులకరించింది. "అంటే తిప్పింది నేనే అని ఒప్పుకున్నట్టే కదా మామా?"

మామ ఇంకో కారా బిస్కెట్టు అందుకున్నాడు. "ఓడిపోయేది నువ్వు తిప్పినందుకు. గెలిచింది సార్ ప్లాను వల్ల. రెండూ ఎందుకు కలుపుతావప్పా?" అన్నాడు. బేకరీ మొత్తం అవును అవును అంది.

సార్ మళ్లీ తువ్వాలు తల మీదికి ఎక్కించుకున్నాక గానీ టీము కుదుటపడలేదు. ఆ తర్వాత నేను కూడా మరో విభాగానికి, మరో షిఫ్టుకు మారాను, పెళ్లయింది, జుట్టు పోయింది. ఒక్కోసారి ఆ మైదానంలో నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. టీము దక్కింది, అందరూ చిందులేస్తున్నారు, వాడూ చిందులేస్తున్నాడు, అయినా మధ్యమధ్యలో మెడ చాచి, నన్నెవరైనా చూశారా అని చుట్టూ చూస్తున్నాడు. ఒరేయ్, కాసేపు ఊరికే ఎగరరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. వినే రకమైతే ఈ వయసులో కూర్చుని ఇది రాసేవాడు కాదు.

గోడ సార్, మీరు ఇప్పుడు రామమూర్తినగర్‌లో మీ అమ్మాయి దగ్గర ఉన్నారని, ఆరోగ్యం బాగానే ఉందని తెలిసింది, సంతోషం. నాకు పేరు వద్దు, మైకు వద్దు, దండ వద్దు. మిమ్మల్ని భుజాల మీద మోసుకుపోతున్నప్పుడు నన్ను చూసి పెదవి కదిపారే, అది నవ్వా, తిట్టా? ఆదివారం పొద్దున మీ ఇంటికి వస్తున్నాను. కాఫీ ఇస్తే తాగుతాను, చక్కెర తక్కువ. కానీ ముందు దీనికి సమాధానం చెప్పాలి, సార్. ఏదో ఒకటి చెప్పండి.