ఆవిడ నేర్పిన ఏడుపు

నా చిన్నప్పుడు ఇంగ్లండులో, కోవెంట్రీ అనే ఊళ్ళో నాకు ఏడ్చే పని ఒకటి దొరికింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజమే. మా పేటలో టీవీ నాటకం ఒకటి తీస్తూ, మంచం పక్కన కూర్చుని ఏడవడానికి ఇండియన్ పిల్ల కావాలని మా బడికి వచ్చారు. బడి మొత్తానికి అలాంటి పిల్లను నేనొక్కదాన్నే. పోటీ లేదు కాబట్టి ఇందులో నా గొప్పేమీ లేదు.

చచ్చిపోయే పొరుగింటి ముసలమ్మ వేషం వేసినావిడ పెద్ద నటి. మా అమ్మ అప్పటికే ఆవిడను టీవీలో చూసి ఉండడంతో చేతులు నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను మాత్రం వెళ్ళి ఆంటీ అన్నాను, మనకు అలవాటు కదా. ఆవిడ కాదనలేదు. ఒక టేకు అయ్యాక కూడా మంచం దిగేది కాదు. నిద్రపోతోందని అందరూ అనుకునేవారు. నిద్ర కాదు, అలసట. ఇప్పుడు నేనూ ఆ వయసుకు వచ్చాను కనుక తెలుస్తోంది.

కళ్ళు మూసుకునే ఉండి నాతో కబుర్లు చెప్పింది. ఏడేళ్ళప్పుడు నటించడం మొదలుపెట్టిందట. బంగారు రంగు జుట్టు, బూరెల్లాంటి బుగ్గలు, సినిమావాళ్ళు ఇంటి చుట్టూ తిరిగేవారట. కాస్త పెద్దదై పొడుగు సాగేసరికి పలకరించినవాడు లేడు. కొన్నేళ్ళు ఒక బట్టల కొట్లో పనిచేసింది. మళ్ళీ తల్లి వేషాలకు పిలిచారు, ఆ తర్వాత అత్తగారి వేషాలకు. ఇప్పుడిక చావడమే మిగిలిందనీ, ఈ ఏడాది ఇదివరకే రెండుసార్లు పోయాననీ నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

నా వంతు వచ్చింది. లైట్లు వేశారు, ఆవిడ చచ్చిపోయింది, నాకు ఏడుపు రాలేదు. మళ్ళీ తీశారు. రాలేదు. డైరెక్టర్ మర్యాదగానే ఉన్నాడు గానీ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. తెల్లవాళ్ళ ముందు పరువు పోతోందని మా అమ్మకు ముచ్చెమటలు పోశాయి. గబగబా వచ్చి నా చెవి దగ్గర వంగి, "అమ్మమ్మని తలుచుకోవే తల్లీ, ఏడుపు దానంతటదే వచ్చేస్తుంది," అంది.

అంతకు కొద్ది రోజుల ముందే కాకినాడలో మా అమ్మమ్మ పోయింది. మేం వెళ్ళలేకపోయాం. నాన్నకు హాస్పిటల్‌లో డ్యూటీల రోటా కుదరలేదు, నన్ను చూసుకునే దిక్కు ఇక్కడ ఎవరూ లేరు. కబురు విన్న రోజున పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా అమ్మ కదలకుండా నిలబడింది, అంతే. ఏడవలేదు. అమ్మ ఏడవలేదని నేనూ ఏడవలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరం అమ్మమ్మ పేరెత్తలేదు. ఇప్పుడు అమ్మే ఆ పేరెత్తింది.

చచ్చిపోయిన ఆంటీ ఒక కన్ను తెరిచింది. మీ అమ్మ ఏమందని గుసగుసగా అడిగింది. చెప్పాను. ఆవిడ లేచి కూర్చుని, నాకు టీ కావాలి, టీ తాగందే చావను అని అందరికీ వినపడేలా చెప్పింది. అంత పెద్ద నటి అడిగితే కాదనేదెవరు? లైట్లు ఆర్పేశారు.

అందరూ టీకి వెళ్ళాక నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోయాడట. మొదటి సినిమాలో ఏడుపు రాకపోతే, నాన్నను తలుచుకోమని వాళ్ళమ్మే చెప్పిందట. కన్నీళ్ళు ధారలు కట్టాయి, అందరూ ఆహా ఓహో అన్నారు. తర్వాతి సినిమాకూ అదే, ఆ తర్వాతిదానికీ అదే. వాడగా వాడగా నాన్న అరిగిపోయాడు అంది. వాళ్ళమ్మను పూడ్చిన రోజున సమాధి దగ్గర ఏడుస్తూనే, వెలుతురు తన ముఖం మీద ఎటునుంచి పడుతోందా అని చూసుకుందట. ఇదంతా చెబుతుంటే ఆవిడ గొంతులో దుఃఖం లేదు, కోపమూ లేదు. ఒకటే విసుగు. అన్నేళ్ళ విసుగు.

మీ అమ్మమ్మను వీళ్ళకివ్వకు, ఇంటికి తీసుకుపో అంది. అని, పెదవులు బిగించి నోరు తెరవకుండా ఆవలించడం నేర్పింది. రెప్ప వెయ్యకుండా అలా ఆవలింతను లోపలే తొక్కిపట్టి చూడండి, కళ్ళు ఎలా నిండిపోతాయో. మేమిద్దరం ఆ మంచం మీద కూర్చుని ఎదురెదురుగా ఆవలించి, బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే పడీపడీ నవ్వాం.

తర్వాతి టేకు ఒక్కసారికే అయిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మా అమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి వెళ్ళే బస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. చాలాసేపటికి, "అమ్మమ్మ బాగా గుర్తొచ్చిందేమే?" అంది. లేదమ్మా, అది ఒట్టి ఆవలింత, ఆంటీ నేర్పింది అని చెప్పేశాను. అమ్మ నా ముఖంలోకి తెల్లబోయి చూసింది. "మరి అమ్మమ్మో?" అంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నన్ను చూసి అమ్మకూ వచ్చింది. చుట్టూ జనం కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు పాపం, ఇంగ్లీషువాళ్ళు కదా. మా స్టాప్ ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

ఆ తర్వాత నాకు ఇంకో రెండు మూడు వేషాలు వచ్చాయి. అన్నిటికీ ఆవలింతే. పెద్దయ్యాక పిలిచినవారు లేరు, నేనూ ఎదురుచూడలేదు. ఒక సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో కూర్చుని నా ఉద్యోగం నేను చేసుకున్నాను.

మొన్న చలికాలంలో అమ్మ పోయింది. నెలల తరబడి హాస్పిటల్‌కీ ఇంటికీ తిరిగి తిరిగి నాలో ఓపికనేది మిగల్లేదు. దహనం చేసే క్రిమటోరియంలో మాకిచ్చిన కాస్త సమయంలో, నిలబడడమే గగనం, ఇక ఏడుపెక్కడ వస్తుందిలే అనుకున్నాను. వచ్చింది. ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోయి, వికారంగా, పెద్దగా. అందరూ చూస్తున్నారు మమ్ అని నా కూతురు ఇంగ్లీషులో నా చెవిలో అంది. చూస్తే చూడనీవే అన్నాను. అమ్మకని దాచుకున్నది, అమ్మకే ఇచ్చేశాను.