ముత్తాతకు బియ్యం

పెత్తర అమావాస్య నాడు మా ఇంట్లో పోయిన పెద్దలందరి పేరు మీదా బియ్యం ఇస్తాం, ఒక్క ముత్తాతకు తప్ప. ఆయన మా అవ్వకు తండ్రి. శామీర్‌పేట నుంచి బొంబాయికి పనికి పోయి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సరుకుల ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఆ ఓడను జలాంతర్గామి ముంచేసిందని బొంబాయి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. నీళ్లలో పడ్డ కొందరిని వేరే ఓడ ఎక్కించుకుందని కూడా వాళ్లే చెప్పారు. అవ్వ తల్లి ఆ రెండో మాటనే పట్టుకుంది. బొట్టు చెరపలేదు, మెట్టెలు తీయలేదు. ఊరు ఎన్ని మాటలన్నా చెవిన పెట్టక, ముత్తైదువగానే కాటికి వెళ్లింది.

చిన్నప్పుడు నాకు సముద్రమంటే శామీర్‌పేట చెరువే. అంతకంటే పెద్ద నీళ్లు చూస్తే కదా! దాని అడుగున ఓడ ఉందని, అందులో ముత్తాత ఇంకా పొయ్యిలోకి బొగ్గు వేస్తూనే ఉన్నాడని అనుకునేదాన్ని. పొద్దున్నే నీళ్ల మీద మంచు లేస్తే అది ఆయన పొయ్యి పొగే. ఇప్పటికీ తూంకుంట నుంచి వస్తూ ఆ మంచు చూస్తే, ఇంత వయసొచ్చీ, కాసేపు నిజమేననిపిస్తుంది.

ఈమధ్య ఫోనులో పాత యుద్ధం వీడియో చూస్తుంటే అవ్వ పక్కన చేరింది. ఓడ ఒకటి నడుమ విరిగి మునిగిపోయింది.

"బొగ్గేసెటోళ్లు యాడుంటరే?"

"అన్నిటికన్న అడుగున, అవ్వా."

"మస్తు జల్దీ మునిగింది గదనే," అని ఫోను నా చేతిలోంచి తీసి బోర్లా పెట్టింది. తర్వాత అంది: "గిన్నేండ్ల సంది బాపు ఆకలితోని ఉన్నడు బిడ్డా. ఈసారి బియ్యమియ్యాలె."

నాకు ఏడుపొచ్చింది. ఇస్తే ఆయన ఆనాడే పోయాడని ఒప్పుకున్నట్టే. మరి బొట్టుతో బతికిన ఆ తల్లి బతుకంతా అబద్ధమైపోదా? అవ్వ ఇన్నేళ్లూ ఇవ్వకపోవడానికి కారణం అదే.

అమావాస్య నాడు దేవరయాంజాల్ గుడి దగ్గర అయ్యగారి ముందు రెండు విస్తళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టాం. తల్లి విస్తరిలో అవ్వ ఎప్పటిలాగే పసుపు, కుంకుమ, గాజులు ఉంచింది. ఆయన ఎట్లా పోయారని అయ్యగారు అడిగితే, ఓడ సంగతంతా నేనే వాగాను.

"ఆయన ముందే పోతే ఈమెకు కుంకుమ ఎట్ల పెడ్తరమ్మా?"

నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలందామని నోరు తెరిచేలోపు అవ్వ నా చేయి పట్టుకుంది.

"మా అమ్మ ఉన్నన్ని దినాలు మా బాపు బతికే ఉండె అయ్యగారూ. ఆమె పోయినంకనే పోయిండు. ముందుగాల అమ్మకియ్యండి."

అయ్యగారు గాజులున్న విస్తరిని ముందుకు జరుపుకున్నారు. తండ్రి వంతు వచ్చినప్పుడు అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆనాడే కబురు తెలిసిన పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.