బెల్జియం అద్దం, జర్మన్ సిల్వరు, మా బావ రైఫిలు

మా బావ పోయాడు. మా అక్క భర్త. శనివారం పొద్దున చీరాలలో కొట్టు తీసి, పెళ్లివాళ్ల ముందు చీరలు పరిచి చూపిస్తుంటే ఫోను మోగింది. పర్చూరు పక్క ఊళ్లో అక్కావాళ్ల పొరుగింటావిడ. “మీ బావగారు ప్రభువు దగ్గరికెళ్లిపోయారమ్మా” అంది. నేను ఫోను పక్కన పెట్టి, ఏం చేస్తున్నానో తెలియకుండా పరిచిన చీరలన్నీ మడతపెట్టడం మొదలుపెట్టాను. “అయ్యో, ఆ ఆకుపచ్చది ఉంచండి, అది తీసుకుంటాం” అంటున్నారు వాళ్లు. అదీ మడతపెట్టేశాను. కొట్టుకు తాళం వేసుకుని బస్సెక్కాక గానీ ఏడుపు రాలేదు.

బావ మిలట్రీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మిలట్రీ నుంచి వచ్చినవాళ్లు యుద్ధాల గురించి, మంచుకొండల గురించి చెబుతారంటారు. మా బావ నోట ఏనాడూ ఆ ఊసే లేదు. ఆయన మాట్లాడితే రైఫిళ్ల గురించే మాట్లాడేవాడు. ఏ దేశంవాళ్లు ఎలా చేస్తారు, ఎవరి సరుక్కి ఎందుకు పేరొచ్చింది, ఎవరిది ఎండకీ దుమ్ముకీ తట్టుకుంటుంది, ఇదే గోల. మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో కూలీలు తాలుకాయలు ఏరుతుంటే, వాళ్ల పక్కన మంచం వాల్చుకుని ఇవే కబుర్లు. పాపం ఆ ఆడవాళ్లు ఘాటుకు తుమ్ముతూనే ఊఁ కొట్టేవాళ్లు.

“ఏం బావా, మళ్లీ మొదలెట్టావా నీ తుపాకి పురాణం?” అనేదాన్ని. మరదల్ని కదా, వెక్కిరించే హక్కు నాకుంది.

“తుపాకి అనమాక మరదలా. తుపాకంటే పిట్టలు కొట్టుకునేవాళ్లది. నాది రైఫిలు. ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటానే పోద్ది. తర్వాతది దానంతటదే ఎక్కి కూర్చుంటది. మళ్లీ నొక్కితేనే మళ్లీ పోద్ది. మనిషికి ఆలోచించుకోను టైమిస్తది” అనేవాడు.

సర్వీసులో ఆయన మోసినది అలాంటిదే. దాని డిజైను బెల్జియం వాళ్లదట, తయారుచేసింది మన దేశంలో. “పుట్టింది బెల్జియంలో, పెరిగింది మన దగ్గర. ఇల్లరికం అల్లుడు” అని నవ్వేవాడు.

పెళ్లయిన కొత్తలో ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అక్క ఏమందో తెలుసా? “బెల్జియం వాళ్లు అద్దాలు చేసుకునేవాళ్లు కదండీ, వాళ్లకి రైఫిళ్లేం తెలుసు?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మా ఇంట్లో అమ్మ ముఖం చూసుకునే అద్దాన్ని బెల్జియం అద్దం అనేవాళ్లం. మాకు ఆ దేశం అంటే అద్దమే. జర్మనీ అంటే జర్మన్ సిల్వరు గిన్నెలు. అమెరికా అంటే మిషను బళ్లో మాకు పోసిన పాలపొడి పాలు. అక్క ఈ లెక్కనే తీర్పు చెప్పేసింది. అద్దం చెయ్యి జారితే పగులుతుంది, పాలపొడి ఉండ కడుతుంది, అమ్మ ఇచ్చిన జర్మన్ సిల్వరు గిన్నె మాత్రం ఎన్నిసార్లు కింద పడ్డా సొట్టపడిందే గానీ పగల్లేదు. కాబట్టి రైఫిలైనా జర్మన్ వాళ్లదే గట్టిది!

బావ అన్నం ముద్ద కంచంలో పడేసి నవ్వాడట. ఆ తర్వాత నవ్వడం మానేసి వాదించడం మొదలుపెట్టాడు. ఆ వాదన వాళ్ల కాపురమంత కాలం నడిచింది. జర్మన్ వాళ్లది గట్టిదే, కాదనను, కానీ భుజాన్ని గట్టిగా తంతుంది అనేవాడు. అమెరికా వాళ్లది గురికి మంచిదేనని ఒప్పుకునేవాడు, కానీ మనసులోంచి కాదు. ఇప్పటి కొత్త మోడళ్లు ఫోన్లో చూసి, “ఇదిగో, భుజానికానించే మడమ మడత పెట్టుకోవచ్చు, పైన దుర్భిణీ, అన్నీ ఉన్నయ్యి. కానీ పేరనేది ఫ్యాక్టరీలో రాదు మరదలా. బురదలో పడ్డప్పుడు వస్తది” అనేవాడు. ఆ మాట మనుషుల గురించి కూడా అనేవాడు. పెళ్లిసంబంధాలు చూడ్డానికి వెళ్లినప్పుడైతే గట్టిగానే అనేవాడు, మాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక్కసారి మాత్రం అడగకూడనిది అడిగాను. “బావా, నువ్వెవర్నైనా కొట్టావా దాంతో?” ఆయన లేచాడు. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు. “రైఫిలు సంగతి ఎంతన్నా అడుగు, చెప్తా. అది మాత్రం అడక్కు తల్లీ” అన్నాడు. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ నన్ను ఆయన తల్లీ అనలేదు.

రిటైరయ్యాక చీరాలలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. అక్కడ ఇచ్చిన పాత జోడుగొట్టాల తుపాకిని చూసి సిగ్గుపడేవాడు. నేను బ్యాంకుకు వెళ్తే దాన్ని కుర్చీ వెనక దాచేవాడు. అయినా రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు. అదే గుడ్డతో అదే చేత్తో అక్క కుట్టుమిషనూ తుడిచిపెట్టేవాడు. “మురికి పట్టిందంటే దాని తప్పు కాదు, మనది” అనేవాడు.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరుగారు, “మాట్లాడిస్తూ ఉండండమ్మా. మాట్లాడినంత కాలం కోలుకునే ఆశ ఉంటుంది. మానేస్తే మనిషి లోపలికి వెళ్లిపోతాడు” అని చెప్పారు. అక్క ఆ మాట పట్టుకుంది. ప్రార్థన చేసింది, పాటలు పాడింది, పిల్లల పేర్లు చెప్పి పిలిచింది. ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఒకరోజు విసిగిపోయి, గంజి గ్లాసు కిందపెట్టి, “ఏవండీ, ఎంత చెప్పండి, రైఫిలంటే జర్మన్ వాళ్లదేనండీ!” అంది.

బావ తల తిప్పాడు. మూతి వంకర పోతుండగా, “ఎవ… డన్… నాడు?” అన్నాడు.

అక్క వీధిలోకి పరిగెత్తుకొచ్చి అందరికీ చెప్పిందట. ఆ రోజు నుంచి తెల్లారితే చాలు, ఇంట్లో అదే తగువు. అక్కకు తెలిసిన నాలుగు మాటలూ అయిపోయాక నాకు ఫోన్ చేసేది. “ఒసేయ్, జర్మన్ దాని గురించి ఇంకేదన్నా చూసి చెప్పవే, రేపటికి కావాలి” అనేది. నేను ఫోన్లో వీడియోలు చూసి, అర్థమైనంత చెప్పేదాన్ని. చీరలమ్ముకునేదాన్ని, నా ఫోన్ తెరిస్తే ఇప్పటికీ రైఫిళ్లే వస్తున్నాయి. బావ మాటామాటా కూడదీసుకుని అక్కను ఓడించేవాడు. ఓడిపోయిన రోజున అక్క గొంతులో ఎంత సంతోషమో! జీవితమంతా విసుక్కున్న కబుర్ల కోసం ఆవిడ చెవులు కోసుకునేది.

ఈ నెల మొదట్లో మళ్లీ ఫోన్ చేసింది. “ఈసారేం కావాలే?” అంటే, “మీ బావ ఒప్పుకున్నాడే” అంది. పొద్దున ఎప్పటిలాగే, జర్మన్ వాళ్లదే మంచిదండీ అంటే, ఆయన అక్క ముఖంలోకి చూసి, “సర్లే. నువ్వన్నదే” అన్నాడట. మళ్లీ మళ్లీ రెచ్చగొట్టిందట. అద్దాలు చేసేవాళ్లకేం తెలుసని కూడా అందట. ఆయన కళ్లు మూసుకున్నాడట. ధైర్యం చెప్పాల్సినదాన్ని నేను. అక్కచెల్లెళ్లం ఇద్దరం ఫోన్లో ఏడ్చాం.

భూస్థాపన అయ్యాక, నిన్న ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. ఆ చుట్టుపక్కల మాజీ సైనికులు చాలామంది వచ్చారు. పాస్టరుగారి కోసం చూస్తూ కూర్చున్నప్పుడు వాళ్లలో ఒకాయన, బావ మాట తలుచుకుంటూ, “మంచి మనిషి. ఆ పాత రైఫిలంటే ప్రాణం. ఏదేమైనా ఇప్పుడు జర్మన్ వాళ్లవే నెంబర్ వన్ లెండి” అన్నాడు.

ఆడవాళ్ల మధ్య చాపమీద తలొంచుకుని కూర్చున్న అక్క తలెత్తింది.

“ఎవరండీ అన్నది? దుమ్ము పడి బిగుసుకుంటే తిప్పుకోను ఆయన రైఫిలుకి గ్యాసు మర ఉంది, తెలుసా మీకు? మా ఆయన బురదలోంచి తీసి కొట్టారు. ఆగలా. బరువంటారా, ఆ బరువుంది కాబట్టే భుజాన కుదురుగా నిలబడేది. ఏం, చెప్పండి?”

అందరూ బిత్తరపోయారు. నేను లేచి అక్క దగ్గరికి వెళ్లబోయాను. ఆ పెద్దమనిషి చేతులు జోడించాడు. “తప్పేనమ్మా. మీరన్నదే రైటు” అన్నాడు, ఎంతో మర్యాదగా.

అంతే. అక్క చాపమీద పడిపోయి, నేల మీద అరచేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. “ఒప్పుకోమాకయ్యా… నీకు దణ్ణం పెడతా, నువ్వన్నా ఒప్పుకోమాక.”