మా మామ, స్లోవాక్ పెద్దబాతులు

గత నెలలో మా మామ కన్నుమూశారు. పూతలపట్టులో, ఇంటి ముందు కుర్చీలో, పొద్దున పేపరు చదువుతూనే. పేపరు ఒళ్లోనే ఉండడంతో కునుకు పట్టిందనుకుని అత్త కాఫీ మళ్లీ వేడి చేసిందట. మిమ్మల్ని బాధపెట్టడానికి ఈ కబురు చెప్పడం లేదు. నన్ను అంతగా నవ్వించిన మనిషి గురించి మీకూ కాస్త తెలియాలని.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆ ఉద్యోగానికి ముందు నుంచే ఎర్రజెండా మనిషి. నేనేమో తిరుపతిలో కాలేజీలో సాహిత్యం చెప్తాను. కమ్యూనిజం కూలిన రోజుల గురించి రష్యన్లు, చెక్‌లు, స్లోవాక్‌లు రాసుకుని ఇంగ్లీషులోకి వచ్చిన నవలలే నా చదువంతా. కోడలిగా వచ్చిన కొత్తలో నా పుస్తకాలు ఆయన చేతికి తగిలేవి. అట్ట వెనక రాసింది చదివి, మెల్లగా తిరిగి పెట్టేసేవారు. "మనోళ్లు ఓడిపోయిన కథ నాకెందుకమ్మా" అనేవారు, కోపంగా కాదు, అన్నం చాలు అన్నట్టు.

తర్వాత నా కంట్లో రెటీనా ఊడింది. ఆపరేషన్ చేసి, కొన్ని వారాలు బోర్లా పడుకోమన్నారు, చదవొద్దన్నారు. ఆ నవలల మీద కాలేజీ సభలో మాట్లాడాల్సిన రోజు దగ్గరపడుతోంది. మా ఆయనకు ఫ్యాక్టరీ డ్యూటీ. అత్తామామలు బస్సెక్కి తిరుపతి వచ్చేశారు. అత్త వంటింట్లోకి వెళ్లింది. మామ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"యాడ ఆపినావు? ఆడ్నించి సదువుతా" అన్నారు.

క్లాసు మొత్తానికి వినపడేలా చదివేవారు. మొదటిది చెక్ నవల. ఆ పేర్లకు నోరు తిరగక పాత్రలకు మా వైపు పేర్లు పెట్టేశారు. బ్యాండు మాస్టరు మునిరత్నం అయ్యాడు, అతని భార్య చెంగమ్మ. ఆ నవలలో ఒక చిన్న ఊరి బ్యాండుకు పార్టీ ఊరేగింపు పాటలు తప్ప మరేమీ రావు. ప్రభుత్వం మారిపోతుంది, పెళ్లిళ్లకు పిలుపులొస్తాయి. చేసేది లేక అవే పాటల్ని జోరు పెంచి వాయిస్తారు. పెళ్లివారు ఒళ్లు మరిచి ఎగురుతారు. అక్కడ మామకు నవ్వు ఆగలేదు. నేనూ దిండులో మొహం పెట్టి మంచం ఊగేలా నవ్వాను. కుట్లు ఊడతాయని అత్త వచ్చి ఇద్దర్నీ తిట్టింది.

ఒక రష్యన్ నవలలో చరిత్ర టీచరమ్మ పాత పాఠం చెప్పకూడదు, కొత్త పుస్తకం ఇంకా రాలేదు. ఆమె పిల్లలకు తన అవ్వ కథ చెబుతుంది. "సిలబస్ లేకుంటేనే పాఠం బాగా వస్తాది" అని మామ తీర్పు చెప్పారు. తర్వాత ఆ మాట మా కాలేజీలో చాలామంది వాడుకున్నారు.

స్లోవాక్ నవల దగ్గర మాత్రం ఆయన గొంతు మారింది. ఒక పల్లెలో ఊరుమ్మడి వ్యవసాయ సంఘం మూతపడుతుంది. భూములు పంచుకుంటారు, ట్రాక్టర్లు అమ్ముకుంటారు. పెద్దబాతులు ఎవరివో తేలదు. అవి రోడ్ల మీద తిరుగుతుంటే, పదవి పోయిన ముసలి అధ్యక్షుడు ఊరి ఎగతాళి మధ్యనే రోజూ లేచి వాటికి మేత వేస్తుంటాడు. మామ చదవడం ఆపేశారు. బోర్లా ఉన్న నాకు ఆయన పాదాలే కనిపిస్తున్నాయి. అవి లేచి బాల్కనీలోకి వెళ్లాయి. చాలాసేపటికి తిరిగొచ్చాయి.

"ఈ రాసినోడు మనల్ని తిడతా ఉండాడని అనుకుంటి. కాదమ్మా. మనిషిని పక్కన కూర్చుని సూసి రాసినాడు."

సభలో నేను చెప్పిన దాంట్లో సగం ఆయన మాటలే. నాకు చూపు వచ్చాక ఆయన పూతలపట్టు వెళ్లి, రోడ్లు కలిసి బస్సులాగే క్రాస్‌లోని టీ అంగట్లో పార్టీ మిత్రులకు ఆ నవలల్ని రోజూ కొంచెం కొంచెంగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. ఐరాల నుంచి వచ్చే రైతు సంఘం పెద్దాయనకు అది మింగుడుపడలేదు. మామతో కలిసి జైలుకు వెళ్లొచ్చిన మనిషి ఆయన. శత్రువుల రాతలు మా ముందర చెప్తావా అని లేచి వెళ్లిపోయారట. ఆ రోజు మామకు అన్నం సయించలేదని అత్త చెప్పింది. మరి మానేయొచ్చు కదా అని అడిగాను.

"నవ్వుకునేదానికి భయపడితే ఎట్లమ్మా? నేనేం జెండా దించినానా?"

దించలేదు. ఆఖరి దాకా ఊరేగింపుల్లో ముందు నడిచారు, ఆఖరి దాకా ఆ కథలు చెప్పారు. కొన్నాళ్లకు ఐరాల పెద్దాయన కూడా తిరిగొచ్చి, పక్క బెంచీ మీద అటు తిరిగి కూర్చునేవారట. వీపు మాత్రం ఇటువైపు వినేదని మామ సంబరంగా చెప్పేవారు.

సంతాప సభలో ఆ పెద్దాయనే నా దగ్గరికి వచ్చారు. ఒకటే అడిగారు: "మీ మామ ఆ బాతుల కథ సగంలో ఇడిసిపెట్టి పోయినాడు. ఆ ముసిలాయన ఆఖరికి ఏమైనాడమ్మా?"

మర్నాడు పొద్దున పుస్తకం పట్టుకుని టీ అంగడికి వెళ్లాను. పెద్దవాళ్లు జరిగి చోటిచ్చారు. తెలుగు చేసుకుంటూ చెప్పసాగాను. ఇంతలో నేను ఎక్కాల్సిన తిరుపతి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలుస్తున్నాడు. ఐరాల పెద్దాయన బస్సు వైపు తిరగకుండానే చెయ్యెత్తి, దాన్ని పొమ్మన్నట్టు ఊపారు. బస్సు కదిలిపోయింది. లేచిన దుమ్ము మెల్లగా టీ గ్లాసుల మీద వాలుతోంది, ఎవరూ గ్లాసు వైపు చూడడం లేదు. పుస్తకంలో పెద్దబాతులు అప్పుడే వరసగా రోడ్డు దాటుతున్నాయి.