ఎదురు వరుస కోడలు

మా గల్లీకి కోడలిగా వచ్చిన రోజున ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. మూడు నెలలు తిరిగేసరికి తిట్లన్నీ వచ్చేశాయి. తప్పు ఆమెది కాదు, మాది. కరీంనగర్‌లో మా వైపు అప్పట్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ గల్లీ మొత్తానికి ఒక్క చోటే. బిందెల వరుస దగ్గర మేం అరుచుకునే తెలుగే ఆమెకు బడి అయింది. వంకాయను ఏమంటారో తెలియకముందే "నీ బిందె జరుపకపోతే మోరిల పారేస్త" అనడం నేర్చుకుంది. ఆ మాట మొట్టమొదట అన్నది నన్నే.

ఆమెది సోమాలియా. చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చింది. అక్కడ ఫ్రిజ్‌ల రిపేరు నేర్చుకుంటున్న మా ఎదురింటి అబ్బాయిని చేసుకుంది. నేను జాకెట్లు కుడతాను. మిషన్ కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి ఎదురింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది. పక్కవాళ్ల ఇంట్లోకి తొంగిచూడటం మంచి అలవాటు కాదని నాకూ తెలుసు, కానీ కిటికీ అటే ఉంది, ఏం చేయను? ఆమె బగారన్నంలో అరటిపండు కలుపుకుని తింటుంటే అత్త ఆ కంచం వంక ఒకసారి చూసి లేచి వెళ్లిపోవడం కూడా అక్కడి నుంచే చూశాను.

ఆ అత్తను గల్లీ అంతా పిన్నీ అన్నట్టు ఖాలా అంటాం. ఖాలా ఆమెను ఏనాడూ కోడలని అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు. "ఆమె" అనేది. ఆమె వండింది, ఆమె బజారుకు పోయింది, ఆమెకు పిల్ల పుట్టింది. పదకొండేళ్లు ఇంతే. కొట్లాట ఉంటే మేం నడుమ దూరి సర్దిచెప్పేవాళ్లం. కొట్లాటే లేదు.

ఇంతకీ ఆమె రాజకీయం మొదలైంది ఒక సుద్దముక్కతో. ఒకరోజు బిందెల మీద నంబర్లు వేసింది. ఇవాళ చివర ఉన్న బిందె మళ్లీసారి ముందు ఉండాలంది. మేం నవ్వాం. నెల తిరిగేసరికి నల్లా దగ్గర అరుపులు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం దిగులేసింది, పొద్దున లేచి అరవడానికి ఎవరూ లేకుండా పోయారు.

తర్వాత అందరి దరఖాస్తులూ రాయడం మొదలుపెట్టింది. ఒకరికి పింఛను, ఒకరికి పిల్లాడి పుట్టిన పత్రం. మున్సిపల్ ఆఫీసుకు పోయి ఇంజనీరు గది ముందు బల్ల మీద కూర్చునేది. రేపు రమ్మంటే, "రేపు గూడ వస్త, ఇయ్యాల గూడ కూసుంట" అనేది. ఆరడుగుల మనిషి, పచ్చటి ఓణీ, ఒళ్లో మంచినీళ్ల సీసా. రెండేళ్లలో మా గల్లీకి సిమెంటు రోడ్డు వచ్చింది, మురికినీళ్ల మోరి మీద మూతలు వచ్చాయి. ఆమె ఆ ఆఫీసు మెట్లెక్కితే చాలు, ఫైలు దానంతటదే లేచి నడుస్తుందని మావాళ్లు అనుకునేవారు.

ఈ దేశపు మనిషిననే కాగితం చేతికి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అది వచ్చినరోజు ఇంటింటికీ షీర్ ఖుర్మా పంచింది. ఆ తర్వాత ఓటరు కార్డు వచ్చింది. ఆ తర్వాత కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి, ఆమె డివిజన్ ఆడవాళ్లకు కేటాయించారు. "అక్కా, నేను నిలబడ్త" అంది. పిచ్చా అన్నాను. అన్నానే గానీ, ఆ పూట ఒక జాకెట్‌కు రెండు చేతులూ కుడివైపువే కత్తిరించాను.

"బయటిదేశపామెకు గీడ ఏం పని?" అని చాయ్ హోటల్ దగ్గర కొందరు అన్నారు. ఆమె విననట్టే ఉంది. రెండు రోజులకు నా దగ్గర కూర్చుని చెప్పింది. "గెలువకుంటే ఫికర్ లేదక్కా. ఆ పేర్ల కాయితం అంటిస్తరు సూడు, దాని మీద గీ ఊరోళ్ల పేర్ల నడుమ నా పేరు ఉండాలె. గంతే."

నామినేషన్‌కు ఆ డివిజన్ ఓటరు ఒకరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాలి. నేను కాక ఇంకెవరు పెడతారు అన్నాను. అత్త ఉంది కదా అని ఎవరో అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "అమ్మీని అడుగ. ఇష్టం లేని మనిషి వేలు పట్టి పెట్టించుకుంటనా?"

కాగితాలన్నీ చేరేసరికి ఆఖరి రోజు మధ్యాహ్నం అయింది. ఆఫీసులో గుమస్తా ఓటర్ల జాబితా రెండుసార్లు తిరగేసి, "మేడం, మీ పేరు ఇండ్ల లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గీ ఊర్ల పుట్టిన. ముప్పయేండ్ల సంది అదే గల్లీల మిషిను తొక్కుతున్న. నా పేరు లేకుంటే ఎవలది ఉంటది?"

అతను ఓపికగా చెప్పాడు. డివిజన్ల హద్దులు మార్చినప్పుడు మా గల్లీని రోడ్డు నడిమికి కోశారట. వాళ్ల వరుస ఈ డివిజన్‌లో ఉంది, మా వరుస పక్క డివిజన్‌లోకి పోయింది. చూసుకోండని చీటీ కూడా ఇంటింటికీ పంచారు. నేను దాన్ని చదవకుండా పీలికల సంచిలో పారేశాను. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆమె పేరు ఆ జాబితాలో ఉంది. మూడు గల్లీల అవతల పుట్టిన నా పేరు లేదు. ఆ బల్ల ముందు పరాయిదాన్ని నేనే.

ఆమె కాగితాలు మళ్లీ వరుసగా సర్దుకుంది. నేను నేర్పిన తిట్లలో ఒక్కటైనా తిడితే బాగుండనిపించింది. భర్త జమ్మికుంటలో పనిమీద ఉన్నాడు, ఎంత తొందరగా వచ్చినా అందుకోలేడు. ఐదింటికి గేటు మూస్తారు. ఆమెను అక్కడే కూర్చోబెట్టి నేను ఆటో ఎక్కాను.

ఎదురు వరుసలో నాలుగు తలుపులు కొట్టాను. రెండిటికి తాళాలు. మిగతా ఇద్దరూ పార్టీలవాళ్లకు మాటిచ్చామన్నారు. ఇక మిగిలింది ఖాలా. వాకిట్లో వెల్లుల్లి ఒలుస్తోంది. జరిగింది చెప్పాను, ఏడుస్తూనే చెప్పాను. ఖాలా చివరి రెబ్బ కూడా ఒలిచి చాట పక్కన పెట్టింది.

"నమాజు యాళ్ల అయింది" అని లోపలికి పోయింది.

గడప మీద కూర్చుని గడియారం చూస్తూ ఖాలాను మనసులో నోటికొచ్చినట్లు తిట్టుకున్నాను. కాసేపటికి బురఖా వేసుకుని, ఓటరు కార్డు పట్టుకుని బయటికొచ్చింది. "ఎందుకు కూసున్నవ్? పా" అంది.

గేటు మూస్తుండగా లోపలికి దూరాం. ఖాలాకు చదువు రాదు, వేలిముద్ర అధికారి ఎదుటే వేయాలి. ఇష్టంతోనే వేస్తున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా అని ఆయన అడిగాడు.

"నన్ను బలవంతం జేసెటోడు ఇంకా పుట్టలే."

"అభ్యర్థి మీకేమవుతుందమ్మా?"

ఖాలా బొటనవేలు సిరా మీద ఒత్తుతూనే, "కోడలు" అంది.

ఆమె పేరు కాగితం మీదికి ఎక్కింది. ఎన్నికలో గెలిచింది కూడా. ఇప్పుడు ఎదురు వరుసకు ఆమె కార్పొరేటర్, మా వరుసకు ఇంకెవరో. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఆమెకు ఓట్లడిగిన నేను మాత్రం పక్క డివిజన్‌లో ముఖం కూడా సరిగ్గా తెలియని మనిషికి ఓటేసి వచ్చాను. గెలిచినరోజు డప్పులు, రంగులు అన్నీ కిటికీలోంచి చూశాను, సంతోషంతో అరిచాను కూడా. అయినా నాకు ఎక్కువ గుర్తున్నది నామినేషన్ రోజు తిరిగొచ్చిన ఆటో.

ఆటోలో ఈ చివర ఖాలా, ఆ చివర ఆమె, నడుమ నేను. ఆమె ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఖాలా బొటనవేలి సిరాను బురఖా అంచుకు తుడుచుకుంది. తర్వాత నాతో చెబుతున్నట్టే అంది.

"పట్నంల వీళ్ల నిఖా అయిన్నాడు ఇంటోళ్లం ఒక్కలం గూడ పోలే. సాక్షిగ పెట్టే గవాహి సంతకాలు గూడ బయటోళ్లే పెట్టిన్రట. నాకు ఇన్నేండ్లు అదే పరేషాన్. గియ్యాల నాది పడ్డది."

ఆటో ఆపించి తను దిగింది, నన్నూ దిగమని చివర కూర్చోమంది. తను ముందెక్కి నడుమకు జరిగి కోడలి వైపు తిరిగింది.

"ఇగ ఏడుసుడు బందువెట్టి, నువ్వు జర ఇటు జరుగు."